పేరు గుర్తున్న పిల్ల

దత్తత అనగానే మన కళ్ళ ముందు మెదిలేది పొత్తిళ్ళలో పసిగుడ్డు. ఊయల, ఉగ్గుగిన్నె, పాలసీసా. "ఊహ తెలియనప్పుడే తెచ్చుకోవాలమ్మా, అప్పుడే మన బిడ్డవుతుంది" అని పెద్దవాళ్ళు అంటూంటారు. ఆ మాట వెనకాల ఒక భయం ఉంది. ఊహ తెలిసిన పిల్లయితే తన తల్లి గుర్తుంటుంది, తన ఊరు గుర్తుంటుంది, పిలిస్తే పలికే పేరొకటి ముందే ఉంటుంది. అలాంటి పిల్ల మన దగ్గర ఎన్నాళ్ళున్నా సగం అక్కడే ఉంటుందేమోనని.

ఇక ఆ పిల్ల వేరే దేశం నుంచి వస్తే? మన మాట తనకి రాదు, తన మాట మనకి రాదు. అన్నం పెడితే వాసన కొత్త. పడుకోబెడితే మంచం కొత్త. ఇంత తెలిసీ తెచ్చుకున్న వాళ్ళున్నారు. అందులో చాలామంది "ప్రార్థన చేసుకున్నాం, దేవుడు దారి చూపించాడు" అని చెప్పిన క్రైస్తవ కుటుంబాలు. అసలు ఒక దేశం పిల్లల్ని ఇంకో దేశం ఇళ్ళలో పెంచుకోవడం ఇంత పెద్ద ఎత్తున మొదలైందే అలాంటి ఒక ఇంట్లో. ఆ కథ నాకు చాలా ఇష్టం. చదివే కొద్దీ కొంచెం బాధ పెట్టిన కథ కూడా అదే.

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం. క్రెస్వెల్ అనే చిన్న ఊరు. హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ అనే దంపతులు అక్కడ వ్యవసాయం చేసుకుంటూ, కలప మిల్లు వ్యాపారం చేసి కాస్త స్థిరపడ్డవాళ్ళు. ఆవిడ నర్సు చదువు చదువుకుంది. ఆరుగురు పిల్లలు. 1950లో హ్యారీకి గుండెపోటు వచ్చింది. బతికాడు. బతికించినందుకు దేవుడికి ఏదైనా చెయ్యాలని ఆయన మనసులో పడిపోయింది. మనవాళ్ళు మొక్కు అంటారు చూడండి, దాదాపు అలాగే.

1954 డిసెంబరులో వరల్డ్ విజన్ స్థాపించిన బాబ్ పియర్స్ కొరియా యుద్ధం తర్వాతి పరిస్థితుల మీద సినిమా చూపిస్తుంటే హోల్ట్ కుటుంబం వెళ్ళి చూసింది. 1950లో మొదలై 1953లో ఆగిన ఆ యుద్ధం లక్షలాది మందిని చంపింది. అనాథాశ్రమాలు కిక్కిరిసిపోయాయి. అన్నిటికంటే దయనీయం, కొరియా తల్లులకీ విదేశీ సైనికులకీ పుట్టిన పిల్లల స్థితి. రక్తసంబంధానికీ తండ్రి వంశానికీ అంత విలువిచ్చే సమాజంలో ఆ పిల్లలకి చోటు లేదు, ఆ తల్లులకీ లేదు.

హోల్ట్ దంపతులు మొదట కొంతమంది పిల్లలకి నెలనెలా డబ్బు పంపారు. అంతటితో ఆగలేకపోయారు. ఎనిమిది మందిని తెచ్చుకుందాం అనుకున్నారు. ఎనిమిది! ఇంట్లో ఉన్న ఆరుగురికి తోడు. అప్పటికి ఇద్దరికీ యాభై దాటుతున్నాయి, ఆయనకి గుండెజబ్బు. మన ఇళ్ళల్లో ఈ మాట అంటే ఏమంటారో మీకు తెలుసు.

చట్టం ప్రకారం ఒక కుటుంబానికి ఇద్దరి కంటే ఎక్కువ మంది రావడానికి వీల్లేదు. హ్యారీ కొరియా వెళ్ళి ఆశ్రమాలు తిరుగుతుంటే బెర్తా ఇంటి దగ్గర ఉండి, పిల్లల్ని చూసుకుంటూ, అధికారులకీ తెలిసినవాళ్ళకీ ఉత్తరాలు రాస్తూ కూర్చుంది. ఈ ఒక్క కుటుంబం కోసం అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, 1955 ఆగస్టులో. కొరియా వెళ్ళే దారిలో హ్యారీ టోక్యో హోటల్ గదిలో భయంతో బైబిలు తెరిస్తే యెషయా 43వ అధ్యాయం వచ్చిందట. తూర్పు నుంచి నీ సంతానాన్ని రప్పిస్తాను అనే అర్థం వచ్చే వచనం. బెర్తా తర్వాత రాసిన పుస్తకం పేరు అక్కడిదే. 1955 అక్టోబరు 14న పన్నెండు మంది పిల్లలతో విమానం పోర్ట్‌లాండ్‌లో దిగింది. ఎనిమిది మంది వీళ్ళకి, మిగతావాళ్ళు వేరే కుటుంబాలకి.

పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఉత్తరాలు కుప్పలు తెప్పలు. "మాకూ ఒక బిడ్డని తెచ్చిపెట్టండి" అని. ఆ ఉత్తరాల్లోంచే హోల్ట్ దత్తత సంస్థ పుట్టింది.

ఇక్కడిదాకా కథ వింటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నాకూ తిరిగాయి. కానీ చదవడం ఇక్కడ ఆపకూడదు.

హ్యారీ చూసుకున్న ముఖ్యమైన అర్హత, తెచ్చుకునే కుటుంబం రక్షణ పొందిన విశ్వాసుల కుటుంబమా కాదా అన్నది. ఇల్లెలా ఉంది, భార్యాభర్తలెలా ఉంటారు, ఈ బిడ్డకి ఈ ఇల్లు సరిపోతుందా అని కూర్చుని మాట్లాడి తేల్చుకునే సాంఘిక సంక్షేమ ఉద్యోగుల పద్ధతి ఆయనకి జాప్యంగా అనిపించింది. అక్కడ బిడ్డలు రోగాలతో చచ్చిపోతుంటే ఇక్కడ మీరు ఫారాలు నింపుతారా అన్నది ఆయన బాధ. అందుకని ప్రాక్సీ దత్తత అనే పద్ధతిలో, అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల తరఫున తనే కొరియాలో దత్తత పూర్తి చేసి, పిల్లల్ని విమానాల్లో పంపేవాడు. తల్లిదండ్రులు తమ బిడ్డని మొట్టమొదట చూసేది విమానాశ్రయంలో. చట్టప్రకారం అప్పటికే అమ్మానాన్నలు అయిపోయి ఉంటారు. సంక్షేమ సంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. 1961లో ఆ పద్ధతి ఆగింది.

ఎవరిది తప్పు? నన్నడిగితే ఇద్దరి మాటలోనూ నిజముంది. చలికాలంలో ఆశ్రమంలో బిడ్డ ఊపిరి అందక ఎగపోస్తుంటే నేనైనా ఫారాలు పక్కన పడెయ్యమనే అంటాను. కానీ ప్రార్థన చేసే ఇల్లు కాబట్టి మంచి ఇల్లే అయ్యుంటుంది అనుకోవడం మాత్రం నాకు మింగుడు పడదు. ఆదివారం మొదటి వరసలో కూర్చుని, ఇంటికొచ్చి చెయ్యెత్తే మనుషుల్ని మనం చూడలేదా?

ఇంకో విషయం. "అనాథ" అన్న మాట. అమెరికా చట్టం ప్రకారం వీసా రావాలంటే బిడ్డ అనాథ అయ్యుండాలి. కొరియాలో కుటుంబానికంతా కలిపి ఒక వంశ నమోదు పత్రం ఉండేది. దత్తతకి వెళ్ళే పిల్లకి విడిగా "అనాథ నమోదు" తయారుచేసేవారు. అందులో ఆ పిల్లే ఆ కుటుంబానికి యజమాని. పైన తల్లి పేరు ఉండదు, తండ్రి పేరు ఉండదు. ఏడేళ్ళ పిల్ల, తనే ఒక కుటుంబం. కాగితం మీద తల్లి లేని ఆ పిల్లల్లో ఎంతోమందికి నిజానికి తల్లి ఉంది. భర్త పోయి, లేక భర్తే లేక, తిండి పెట్టలేక ఆశ్రమంలో విడిచిపెట్టిన తల్లి. కొందరు కొన్నాళ్ళకి వచ్చి తీసుకెళ్దాం అనుకున్నవాళ్ళు.

దత్తత గురించి మాట్లాడే క్రైస్తవులు తప్పకుండా చెప్పే మాట యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర ఉంది. నిజమైన భక్తి అంటే దిక్కులేని పిల్లల్నీ భర్త పోయిన ఆడవాళ్ళనీ కష్టంలో చూసుకోవడం అని దాని సారం. చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఈ కొరియా చరిత్ర చదివాక ఆ వాక్యంలో రెండో సగం నాకు కొత్తగా కనపడింది. పిల్లలూ, విధవరాళ్ళూ ఒకే ఊపిరిలో వచ్చారు. సముద్రం దాటి బిడ్డ కోసం వెళ్ళిన ప్రేమ ఆ బిడ్డ తల్లి దగ్గర ఎందుకు ఆగలేదు? నెలకి కొన్ని డాలర్లు ఆ తల్లి చేతిలోనే పెట్టి ఉంటే ఎంతమంది పిల్లలు తమ ఇంట్లోనే పెరిగేవాళ్ళు?

పసిబిడ్డ ఈ ప్రశ్న అడగదు. పెద్దపిల్ల అడుగుతుంది.

అలా అడిగిన ఒక పిల్ల గురించి చెప్పాలి. ఆమె తన కథని తనే సినిమాగా తీసి ప్రపంచానికి చూపించింది కాబట్టి పేరు చెప్పొచ్చు. డియాన్ బోర్షే లీమ్. ఈవిడ వెళ్ళింది మత సంస్థ ద్వారా కాదు, దూరం నుంచి పిల్లలకి డబ్బు పంపే ఒక పథకం ద్వారా. అయినా పెద్దపిల్ల మనసులో ఏం జరుగుతుందో ఇంతకంటే బాగా చెప్పిన కథ నేను చూడలేదు.

కాలిఫోర్నియాలో బోర్షే దంపతులు కొరియాలోని గున్సాన్ ఊళ్ళో ఒక ఆశ్రమంలో ఉన్న చా జంగ్ హీ అనే అమ్మాయికి నెలనెలా డబ్బు పంపేవారు. ఉత్తరాలు నడిచేవి. మనసు కలిసి, ఆ పిల్లని తెచ్చేసుకుందాం అనుకున్నారు. ఈలోగా చా జంగ్ హీ తండ్రి వచ్చి కూతుర్ని తీసుకెళ్ళిపోయాడు. ఆశ్రమం వాళ్ళు ఆ సంగతి చెప్పలేదు. కాంగ్ ఓక్ జిన్ అనే ఇంకో పిల్లని చా జంగ్ హీ కాగితాలతో విమానం ఎక్కించేశారు. నువ్వెవరో చెప్పకు అని చెప్పి మరీ పంపారు. 1966 మార్చి. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. గున్సాన్‌లో తల్లి ఉంది, అన్న ఉన్నాడు, అక్కచెల్లెళ్ళున్నారు.

కొత్త ఇంట్లో ఎంతో ప్రేమగా చూసుకున్నారు. అది ఆవిడ తీసిన సినిమాలోనే కనపడుతుంది. తండ్రికి ఇంట్లో వీడియోలు తీసే అలవాటు. ఆ పాత రీళ్ళలో పిల్ల నవ్వుతూ, గౌన్లు వేసుకుని, క్రిస్మస్ బహుమతులు విప్పుతూ ఉంటుంది. ఇంగ్లీషు వచ్చాక ఒకరోజు ధైర్యం చేసి అమ్మకి చెప్పింది. నేను చా జంగ్ హీని కాదు, నాకు అమ్మ ఉంది, అన్నయ్య ఉన్నాడు అని. అమ్మ దత్తత కాగితాలు తీసి చూపించింది. ఇదిగో చూడు, మీ అమ్మానాన్న పోయారని ఇందులో ఉంది, నీకు కలలొస్తున్నాయి తల్లీ, అలవాటు పడుతున్నావు కదా, అలాగే ఉంటుంది అంది.

ఆ తల్లిని నేను ఒక్క మాట కూడా అనలేను. ఆవిడ చేతిలో ప్రభుత్వం ముద్ర వేసిన కాగితం ఉంది. ఎదురుగా బెదిరిన పిల్ల ఉంది. ఏ తల్లయినా నిద్రలో ఉలిక్కిపడే బిడ్డని "కల, కల" అనే కదా జోకొడుతుంది? కానీ ఏం జరిగిందో చూడండి. పిల్ల నమ్మింది. కాగితం నిజమై, తన జ్ఞాపకం కల అయిపోయింది. కొన్నాళ్ళకి గున్సాన్ ఇల్లు మరిచిపోయింది. తన పేరు మరిచిపోయింది. భాష మొత్తం పోయింది.

పెద్దయ్యాక దిగులు పట్టుకుంది. కారణం తెలియని దిగులు. కలల్లో ఏవో మొహాలు. ఒకసారి తన దత్తత ఫైలు తిరగేస్తే రెండు ఫొటోలు కనపడ్డాయి. రెండింటి వెనకా చా జంగ్ హీ అనే రాసి ఉంది. రెండు మొహాలూ ఒకటి కాదు. ఆశ్రమానికి ఉత్తరం రాసింది. జవాబు అన్నయ్య దగ్గర్నుంచి వచ్చింది. నీ పేరు కాంగ్ ఓక్ జిన్ అని.

2000లో విడుదలైన "ఫస్ట్ పర్సన్ ప్లూరల్" అనే ఆ డాక్యుమెంటరీలో ఆవిడ తన అమెరికా తల్లిదండ్రుల్ని గున్సాన్‌కి తీసుకెళ్తుంది. ఒక చిన్న గదిలో నేల మీద ఇద్దరు తల్లులూ కూర్చుంటారు. మధ్యలో దుబాసీ. కన్నతల్లితో కూతురు ఒక్క ముక్క కూడా సొంతంగా మాట్లాడలేదు. నేను ఆ సన్నివేశం దగ్గర సినిమా ఆపి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి నా బుర్ర ఆ భాష దగ్గరే తిరుగుతుంది. ఎనిమిదేళ్ళు మాట్లాడిన భాష ఎలా పోతుంది? 2003లో ఫ్రాన్సులో ఒక పరిశోధన ప్రచురించారు. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసులో ఫ్రాన్సుకి దత్తత వచ్చి పెద్దవాళ్ళైన కొరియా వాళ్ళకి కొరియన్ వాక్యాలు వినిపించి మెదడు పనితీరు చూశారు. ఎప్పుడూ కొరియన్ విననివాళ్ళ మెదడుకీ వీళ్ళ మెదడుకీ తేడా కనపడలేదు. అంతా తుడిచిపెట్టుకుపోయినట్టే. కానీ 2017లో నెదర్లాండ్స్‌కి దత్తత వెళ్ళిన కొరియా వాళ్ళతో ఇంకో పరిశోధన జరిగింది. వాళ్ళకి కొరియన్ అక్షరాల పలుకుబడి నేర్పిస్తే మిగతా డచ్చివాళ్ళ కంటే తొందరగా, బాగా పట్టుకున్నారు. ఆరు నెలలు నిండకుండా వెళ్ళినవాళ్ళు కూడా. అంటే లోపల ఎక్కడో ఉంది. బూడిద కింద నిప్పులా.

పేరు సంగతీ అంతే. బైబిల్లో ఎస్తేరు కథ మనకి తెలిసిందే. అమ్మానాన్నలు లేని పిల్లని దగ్గర చుట్టం మొర్దెకై పెంచుకున్నాడు. పరాయి దేశపు కోటలోకి వెళ్ళింది. ఆమె అసలు పేరు హదస్సా. ఆ పేరు ఆ పుస్తకంలో ఒక్కసారే వస్తుంది. కానీ రాసినవాళ్ళు దాన్ని వదిలెయ్యకుండా రాశారు. మోషే సంగతి ఇంకా చిత్రం. ఫరో కూతురు పెంచుకుంది, నిజమే. పాలు తాగే వయసంతా కన్నతల్లి దగ్గరే, జీతమిచ్చి మరీ పెంచారు. ఎవరు ఎవరన్నది పెద్దయ్యాక మోషేకి తెలుసు. దత్తత గురించి బోధించేవాళ్ళు పౌలు వాడిన దత్తపుత్రుడనే మాట ఎక్కువ చెబుతారు గానీ, నాకైతే ఈ రెండు కథలూ పెద్దపిల్లల్ని తెచ్చుకున్న తల్లులకి దగ్గరగా ఉంటాయనిపిస్తుంది. మనవాళ్ళు యశోదనీ దేవకినీ ఇద్దర్నీ గుర్తుపెట్టుకున్నట్టే.

2000 తర్వాత అమెరికా చర్చిల్లో దత్తత మళ్ళీ ఒక ఉద్యమంలా లేచింది. 2009లో సదరన్ బాప్టిస్టుల మహాసభ దత్తతని ప్రోత్సహిస్తూ తీర్మానమే చేసింది. ఇతర దేశాల నుంచి అమెరికాకి 2004లో దాదాపు 23,000 మంది పిల్లలు వెళ్ళారు. ఇప్పుడు పెద్దపిల్లల వంతు కూడా వచ్చింది. రష్యా, ఉక్రెయిన్, ఇథియోపియా ఆశ్రమాల్లో అయిదు, ఏడు, పదేళ్ళ పిల్లలు.

ఆ ఇళ్ళల్లో ఏం జరుగుతుందో తల్లులు రాసుకున్నవి చదివితే, దేశం ఏదైనా అమ్మ పని ఒకటే అనిపిస్తుంది. మొదటి కొన్ని వారాలు పిల్ల చెప్పిన మాటల్లా వింటుంది, అందరూ మురిసిపోతారు. తర్వాత అసలు రోజులు మొదలవుతాయి. దిండు కింద రొట్టెముక్కలు, బీరువాలో పాచిపోయిన అరటిపండు. ఆకలి చూసిన పిల్ల రేపటి కోసం దాచుకుంటుంది. ముద్దు చేయబోతే తోసేస్తుంది. అమ్మ బజారుకెళ్తే మాత్రం తలుపు దగ్గర్నుంచి కదలదు. అలాంటి రోజుల్లో ఆ తల్లుల్ని నిలబెట్టింది ప్రార్థనే అని వాళ్ళు చెబితే నేను నమ్ముతాను. రాత్రి పదకొండింటికి పిల్ల విసిరేసిన పళ్ళెం ముక్కలు ఏరుకుంటూ, రేపు ప్రొద్దున మళ్ళీ "గుడ్ మార్నింగ్ కన్నా" అనడానికి ఎక్కడో అక్కడ బలం దొరకాలి కదా. చర్చిలో నలుగురు ఆడవాళ్ళు వంతులేసుకుని కూర తెచ్చి పెడితే అదీ ప్రార్థనే.

కానీ విశ్వాసం అన్నింటికీ ఒకేలా పనిచెయ్యలేదు. 2010 ఏప్రిల్‌లో టెన్నెసీలో ఒకావిడ ఏడేళ్ళ రష్యా బాబుని, వీణ్ణి నేను పెంచలేను అని ఉత్తరం రాసిచ్చి, ఒంటరిగా మాస్కో విమానం ఎక్కించేసింది. రష్యా అట్టుడికిపోయింది. 2012 చివర్లో అమెరికా వాళ్ళకి దత్తతలు నిషేధిస్తూ చట్టం చేసింది. దానికి రాజకీయ కారణాలు వేరే ఉన్నాయి, కానీ ఆ బాబు మొహం ఎవరూ మరిచిపోలేదు. అంతకంటే ఘోరం 2011లో వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగింది. ఇథియోపియా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, మాట వినడం లేదని శిక్షగా పెరట్లో చలిలో వదిలేస్తే చనిపోయింది. భక్తి పేరుతో క్రమశిక్షణ నేర్పుతున్నాం అనుకున్న ఇల్లది. 2013లో ఆ తల్లిదండ్రులకి శిక్ష పడింది. ఇథియోపియా 2018లో విదేశీ దత్తతలు ఆపేసింది. 2024లో చైనా కూడా. 2023లో అమెరికాకి వెళ్ళిన పిల్లలు 1,300 లోపే.

పిల్ల మొండితనం పాపం అనుకుంటే బెత్తం గుర్తొస్తుంది. దుఃఖం అనుకుంటే ఒడి గుర్తొస్తుంది. తేడా అంతా అక్కడే వచ్చిందనిపిస్తుంది నాకు.

కాగితాల సంగతి ఇంకొకటి చెప్పాలి. పాత రోజుల్లో దత్తత వచ్చిన పిల్లలకి పౌరసత్వం దానంతటదే వచ్చేది కాదు. తల్లిదండ్రులు విడిగా దరఖాస్తు పెట్టాలి. చాలామంది పెట్టలేదు, బద్ధకమో, తెలియకో. 2001లో కొత్త చట్టం అమల్లోకి వచ్చి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి ఆ బాధ తప్పింది. అప్పటికే పెద్దవాళ్ళైనవాళ్ళు మిగిలిపోయారు. వాళ్ళలో కొందర్ని నలభై ఏళ్ళ వయసులో, ఒక్క ముక్క భాష రాని కొరియాకి తిప్పి పంపేశారు. నాలుగు ఫారాలు నింపడం కూడా ప్రేమే అని హ్యారీ హోల్ట్‌కి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. 2025 మార్చిలో కొరియా ప్రభుత్వం వేసిన సత్య, సయోధ్య కమిషన్ తేల్చింది కూడా ఇదే. పిల్లల వివరాలు తారుమారు చేశారు, తల్లులున్నవాళ్ళని అనాథలుగా రాశారు, ప్రభుత్వం తన బాధ్యత వదిలేసింది అని.

ఇదంతా కొరియా గోల, మనకెందుకు అనుకోకండి. 1999లోనూ 2001లోనూ మన హైదరాబాదు పేరు ఇలాగే పేపర్లకెక్కింది. లంబాడీ తండాల నుంచి ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకి తెచ్చి, తల్లులు వదులుకున్నట్టు కాగితాలు రాయించి, విదేశాలకి దత్తత పంపుతున్నారని కొన్ని ఆశ్రమాల మీద పోలీసు కేసులు పడ్డాయి. తండాలో వేలిముద్ర వేసిన ఆ తల్లికి అందులో ఏం రాసుందో ఎవరు చదివి చెప్పారు?

మన దగ్గర క్రైస్తవులకి ఇంకో తమాషా ఇబ్బంది ఉండేది. దత్తపుత్రులం అని ప్రతి ఆదివారం వినేవాళ్ళకి దత్తత చేసుకునే చట్టం లేదు! 1956 నాటి దత్తత చట్టం హిందువులకీ, దానితో పాటు బౌద్ధులకీ జైనులకీ సిక్కులకీ. మిగతావాళ్ళు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలరు. పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండితే ఆ సంబంధం కాగితం మీద అయిపోయినట్టే. ఆస్తిలో హక్కు ఉండదు. మా గుంటూరు వైపు మా పెద్దమ్మ ఒకావిడ మిషన్ స్కూల్లో టీచరు. హాస్టల్లో తొమ్మిదేళ్ళ పిల్లని ఇంటికి తెచ్చుకుని పెంచింది. ఆ అక్క మా అందరికీ అక్కే. కానీ పెద్దమ్మ చివరిదాకా దిండు కింద వీలునామా పెట్టుకుని పడుకునేది, తను పోయాక ఎవరైనా వచ్చి పిల్లని గడప దాటమంటారేమోనని. 2000లో వచ్చి 2006లో సవరించిన బాలల న్యాయ చట్టంతో మతంతో పని లేకుండా ఎవరైనా దత్తత తీసుకోవచ్చని ఖాయమైంది. మా పెద్దమ్మకి అది ఆలస్యమైంది.

విదేశీ దత్తతలకి మన దేశంలో పద్ధతి అంటూ వచ్చింది 1984లో. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని జస్టిస్ భగవతి తీర్పిచ్చారు. ముందు మన దేశంలో ఇల్లు వెతకాలి, దొరక్కపోతేనే బయటికి. 1990లో కారా ఏర్పడింది. ఇప్పుడున్న చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. పిల్ల వయసుని బట్టి, అర్థం చేసుకునే శక్తిని బట్టి ఆ పిల్ల ఇష్టం ఏమిటో కూడా చూడాలి అని. గున్సాన్ ఆశ్రమంలో ఎనిమిదేళ్ళ ఓక్ జిన్‌ని ఎవరైనా ఆ ఒక్క మాట అడిగి ఉంటే!

హ్యారీ హోల్ట్ 1964లో కొరియాలోనే చనిపోయాడు. గుండెజబ్బుతోనే. అప్పటికి సియోల్ దగ్గర ఇల్సాన్‌లో కొండ పక్కన ఒక ఆశ్రమం కట్టించాడు. ఎవరూ తీసుకెళ్ళని పిల్లల కోసం. వికలాంగులు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు, వయసు దాటిపోయినవాళ్ళు. ఆయన పెద్దకూతుళ్ళలో ఒకరు మాలీ హోల్ట్, నర్సు. 1956లో తండ్రికి సాయంగా కొరియా వెళ్ళింది. పెళ్ళి చేసుకోలేదు. కొరియన్ నేర్చుకుంది. విమానం ఎక్కించి పంపడానికి వీలుకాని పిల్లల మధ్య, వాళ్ళ దేశంలో, వాళ్ళ భాషలో, వాళ్ళకి నడివయసు వచ్చేదాకా ఉండిపోయింది. తల్లి బెర్తా 2000లో 96 ఏళ్ళ వయసులో పోతే ఇల్సాన్‌కే తెచ్చి భర్త పక్కన పెట్టారు. మాలీ 2019లో పోయింది. ఆమె అక్కడ ఉన్నది అరవై ఏళ్ళ పైమాటే.